దాటడానికి నిలబడ్డ బొమ్మలు

తమిళనాడులో కృష్ణగిరి నుంచి హోసూరుకు వస్తుంటే, కుందారపల్లి దాటిన తర్వాత హైవే ఒక ఊరిని నిలువునా కోసుకుంటూ పోతుంది. ఒక పక్క ఇళ్లు, ఇంకో పక్క చేలు, పశువుల కొట్టాలు. రోడ్డు ఇంత వెడల్పు కాకముందు ఆ ఊళ్లో చేనికి పోవడమంటే వాకిలి దాటి పోవడమే. ఇప్పుడు మధ్యలో తెరిపి లేకుండా బండ్లు, ఆ బండ్ల మధ్య నడుమెత్తు సిమెంటు గోడ. ఆ గోడలో ఒకచోట మనిషీ ఆవూ పట్టేంత ఎడం వదిలారు. ఊరివాళ్లు దాన్ని సందు అంటారు. తెల్లారి పాలు పిండడానికైనా, టమోటా కోయడానికైనా, చచ్చినవాళ్లను పూడ్చడానికైనా ఆ సందులోంచే పోవాలి. రోడ్డు కింద నుంచి ఒక దారి తవ్వి ఇమ్మని ఆ ఊరు అడగని ఆఫీసు లేదు. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది.

నాది హోసూరు. బెంగళూరులో ఒక ఆర్టు కాలేజీలో పాఠం చెబుతాను. బొమ్మలను నాలుగు గోడల మధ్య వేలాడదీయడం కాకుండా, ఊళ్లకు పోయి, అక్కడి మనుషులతో కలిసి, వాళ్ల కష్టాన్ని వాళ్ల చేతే చెప్పించే కళ ఒకటుంది. దాన్ని నేర్పడం నా ఉద్యోగం. అలా తయారైనవాటిని ఎంచి, కూర్చి, నలుగురికీ చూపించే పని కూడా నాదే. దానికి క్యూరేటర్ అని పేరు. నా పిల్లలను, అంటే నా విద్యార్థులను, వెంటబెట్టుకుని మొదటిసారి ఆ ఊరికి పోయినప్పుడు ఈ మాటకు అర్థం ఏమిటని ఒకామె అడిగింది. నేను తిప్పలు పడి ఏదో చెప్పాను.

"అంటే మేస్త్రీ అను," అంది ఆమె. "పని ఒగురు చేస్తారు, మేస్త్రీ నిలబడి సూపిస్తాది. అంతే కదా టీచరమ్మా?"

అంతే. అంతకంటే బాగా నాకు ఇప్పటికీ చెప్పడం రాదు.

ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. యాభై దాటిన మనిషి. ఇల్లు ఈ పక్క, ఆవుల కొట్టం ఆ పక్క. తెల్లారుజామున ఖాళీ క్యానుతో దాటిపోయి, పాలు పిండుకుని, నిండు క్యానుతో దాటివచ్చి సొసైటీలో పోయాలి. సాయంత్రం మళ్లీ అంతే. ఆమె భర్త ఆ సందు దగ్గరే పోయాడు. నెత్తిన గడ్డిమోపుతో వస్తున్నాడట, పక్కనుంచి వచ్చే లారీ మోపు చాటున కనబడలేదు. అక్క అప్పుడు ఇటువైపు నిలబడి ఉంది. భర్త పోయిన మర్నాడు కూడా పాలు పిండడానికి ఆమె ఆ సందులోంచే పోయింది. ఆవులకు మైల తెలియదు కదా అంది నాతో. ఆమెకు కావలసింది ఒకటే, రోజూ క్షేమంగా అటు పోయి ఇటు రావడం. కింద దారి వస్తే చూసి చావాలని ఆమె కోరిక.

మా పిల్లలు మొదట వేసుకొచ్చిన నమూనా చూస్తే నాకే ఒళ్లు మండింది. బడి గోడ మీద నెమళ్లు, మబ్బులు, పూలతో చేసిన రోడ్డు, దాని మీద చేతులు కలుపుకుని నడిచే జనం. అక్క క్యాను చంకన పెట్టుకుని ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది.

"బాగుండాది. అయితే ఒగటి చెప్పండి. దీన్ని సూసి లారీ నిలుస్తాదా?"

"అవగాహన వస్తుందక్కా," అంది మా పిల్లల్లో ఒక అమ్మాయి.

"అది వచ్చేలోపల నేను పోతానమ్మా," అంది అక్క నవ్వుతూ.

అందరం నవ్వాం. నెమళ్లు అక్కడితో ఎగిరిపోయాయి.

అసలు ఆలోచన ఆమె టమోటా చేలో పుట్టింది. మా పిల్లల్లో ఒకడు, పట్నంలో పుట్టి పెరిగినవాడు, గట్టు మీద నుంచి చేలోని దిష్టిబొమ్మను చూసి మనిషనుకుని, "అన్నా, ఆవుల కొట్టానికి దారెటు?" అని గట్టిగా అరిచాడు. రెండోసారి కూడా అరిచాడు. కూలికి వచ్చిన ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. అక్క మాత్రం నవ్వు మధ్యలో ఆపేసింది.

"సదువుకున్నోడివి నువ్వే నిలిస్తివి. బండోళ్లు నిలవరా?" అంది.

అలా మొదలైంది. సందు దగ్గర పోయినవాళ్లున్న ఇళ్లన్నీ తమ మనిషిని తామే చేసుకోవాలని, ఆ బొమ్మలన్నీ రోడ్డంచున, దాటబోతున్నవాళ్ల మాదిరి, వరసగా నిలబెట్టాలని అనుకున్నాం. వెదురుబద్దలు కట్టి రాగిగడ్డి కూరితే ఒళ్లు తయారవుతుంది. తలకు పగిలిన కుండ బోర్లిద్దామంటే ఒక ముసలాయన కస్సుమన్నాడు. "మా ఇంటోళ్లు దిష్టిబొమ్మలా? మా వానికి చట్టి తలకాయ పెడతారా మీరు?" అందుకని గుడ్డ కుట్టి గడ్డి నింపాం. ముఖం గీయడానికి ఎవరూ ఒప్పుకోలేదు. మగవాళ్ల తలకు తువ్వాలు చుట్టి ముందుకు దించారు, ఆడవాళ్లకు కొంగు కప్పారు. అక్క ఇంట్లో రెండు బొమ్మలు అయ్యాయి. ఒకటి భర్తది, ఇంకొకటి అంతకుముందే అక్కడ పోయిన తోడికోడలిది.

బట్టల దగ్గర చిక్కు వచ్చింది. పోయినవాళ్లు కట్టి విడిచిన బట్టలే వేయాలని మా పిల్లలు పట్టుబట్టారు. వాడిన గుడ్డలో మనిషి జ్ఞాపకం ఉంటుందని తరగతిలో చెప్పింది నేనే. కానీ ఆ ఊళ్లలో మనిషితోపాటే బట్టలూ ఇల్లు దాటిపోతాయి. ఒక్క తువ్వాలు కూడా మిగుల్చుకోరు. దసరాకు ముందు వచ్చే పెద్దల అమావాస్యకు మాత్రం పోయినవాళ్ల పేరు మీద కొత్త బట్టలు తెస్తారు. దీపం ముందు పెట్టి మొక్కి, మర్నాడు ఇంట్లోవాళ్లు వాటిని కట్టుకుంటారు. పెద్దలకు పెట్టినవి మనం కట్టుకుంటే వాళ్లు కట్టుకున్నట్టే. ఈసారి ఆ బట్టలు బొమ్మలకే కడదామని ఊరు తీర్మానించింది.

అందువల్ల రోడ్డంచున నిలబడ్డ బొమ్మలన్నీ కొత్త బట్టల్లో ఉన్నాయి. పాత పేలికలైతే బండివాడు చూడగానే దిష్టిబొమ్మ అనుకునేవాడు. మడత నలగని పంచె, రంగు వెలవని చీర కట్టుకున్న మనిషిని చూసి ఎవరు అలా అనుకుంటారు? ఆ కొత్త బట్టలే మా పనికి ప్రాణం పోశాయి.

మొదటిరోజు తెల్లారి జరిగింది నేను నా కళ్లతో చూశాను. దూరం నుంచి ముంచుకొస్తున్న లారీ వేగం తగ్గింది. దాని వెనక కారు, ఆ వెనక బస్సు, ఒకదాని తర్వాత ఒకటి నెమ్మదించాయి. ఇంతమంది ఒక్కసారి రోడ్డు మీదికి దిగుతారేమో అని భయం. హారన్లు మోగాయి, ఎవరో తమిళంలో తిట్టారు. ఆ సందట్లో అక్క క్యాను పట్టుకుని, తొందర లేకుండా, గుడికి పోయినట్టు దాటింది. తిరిగి వచ్చాక భర్త బొమ్మ దగ్గర ఆగి తువ్వాలు సర్దింది.

"బతికుండప్పుడు ఆవు తాడు పట్టుకో అంటే పట్టుకునినోడు కాదు. ఇప్పుడు సూడు టీచరమ్మా, లారీలనే నిలుపుతా ఉండాడు," అంది. కళ్లు తుడుచుకుంది కూడా.

నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. కళ వల్ల ఏమవుతుందని అడిగేవాళ్లను అక్కడికి లాక్కొచ్చి చూపించాలనిపించింది. బండ్లు నెమ్మదించడం, ఊరు దాటడం వీడియో తీసి బెంగళూరులో ఒక గ్యాలరీలో పెట్టాను. జనం నిలబడి చూశారు, చప్పట్లు కొట్టారు. పేపర్లవాళ్లు వచ్చారు. చివరికి రోడ్డు ఆఫీసు నుంచి కూడా ఒకాయన వచ్చాడు. బొమ్మల పక్కన నిలబడి ఫోటో తీయించుకుని, ఊరివాళ్లు కింద దారి మాట ఎత్తగానే చెయ్యి అడ్డం ఊపాడు.

"ఇప్పుడు బండ్లు నిలుస్తా ఉండాయి కదమ్మా. ఇంక సబ్‌వే ఎందుకు?"

ఆ మాటకు నేను అరిచాను. మా పనిని మీ పనికి అడ్డం పెట్టుకోవద్దు అన్నాను. ఆయన నవ్వి, ఆర్టు చాలా బాగుంది మేడమ్ అని జీపెక్కాడు. అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీయమ్మా, ఆయప్పకి దాటే పని ల్యా" అంది.

రోజులు గడిచేకొద్దీ బండ్లు తెలివిమీరాయి. ఎక్కడినుంచో వచ్చే లారీలు ఇంకా భయపడేవి. కానీ రోజూ తిరిగే టౌను బస్సులు, హోసూరు ఫ్యాక్టరీలకు పనివాళ్లను చేరవేసే కంపెనీ వ్యాన్లు బొమ్మల గుట్టు కనిపెట్టేశాయి. కొందరు డ్రైవర్లు పలకరింపుగా హారన్ కొట్టి మరీ పోయేవారు. అక్క ఫోన్లో చెప్పింది.

"మీ బొమ్మల్ని కనుక్కునేసినారు టీచరమ్మా. మళ్లీ మునపటి మాదిరే పోతా ఉండారు."

"ఇంకేదైనా ఆలోచిద్దాం అక్కా."

"పెద్దల అమాస మళ్లీ వస్తా ఉండాది, బట్టలు మార్చల్ల కదా. అప్పుడు రా. ఊటకి ఈడే ఉండల్ల, తినే పోవల్ల."

పోయాను. అక్క మా జిల్లాలోని పోచంపల్లి సంతలో ఒకే రకం చీరలు రెండు తెచ్చింది. పసుపు రంగు, ఆకుపచ్చ అంచు. ఒకటి తోడికోడలి బొమ్మకు, రెండోది తనకు. పెద్దలకు పెట్టినట్టే మనమూ కట్టుకోవాలి కదా అంది. బొమ్మకు తనే చీర కట్టింది. కుచ్చిళ్లు పెడుతూ, కొంగు సర్దుతూ, "బతికుండప్పుడు ఒగే రకం చీర కట్టుకోవల్లని ఆశ పడింది ఇది. నేనే ఒప్పుకోల్యా" అంది. భర్త బొమ్మకు పాత చొక్కా తీసి కొత్తది తొడిగింది. ఎండకు గడ్డి పెళుసెక్కి చేతులు సన్నబడ్డాయని ఇంత గడ్డి కూరింది. అనపగింజల పులుసు, సంగటి, వడలు తిని సాయంత్రం నేను హోసూరు ఇంటికి వచ్చేశాను.

మర్నాడు తెల్లారి మంచు పట్టింది. మా ప్రాంతంలో ఆ రోజుల్లో మంచు పడితే ముందు పోయే బండి వెనక దీపాలు కూడా సరిగా కనబడవు. అక్క కొత్త చీర కట్టుకుని, చలికి కొంగు తల మీద కప్పుకుని, ఖాళీ క్యానుతో పోయి బొమ్మల వరసలో నిలబడింది. ఎప్పుడూ నిలబడే చోటే, భర్తకూ తోడికోడలికీ మధ్యన. రోడ్డు ఖాళీ అయ్యేదాకా కదలకుండా నిలబడడం ఆమెకు అలవాటు. బండ్ల చప్పుడు చెవులతో వింటూ నిలబడేది. కాస్త తెరిపి దొరికిందనుకుని అడుగు వేసింది. కంపెనీ వ్యాను గుద్దేసింది.

నేను పోయేసరికి పోలీసులు ఆమెను తీసుకుపోయారు. క్యాను రోడ్డు పక్క కాలువలో పడి ఉంది. టీ కొట్టు దగ్గర ఆ వ్యాను డ్రైవరు నేల మీద కూర్చుని ఉన్నాడు. హోసూరు దగ్గర అత్తిముగం వైపు మనిషి, మా భాషే. కొడదామనే పోయాను. ఆయన నా కాళ్ల వైపు చూస్తూ మాట్లాడాడు.

"దినమూ సూస్తానమ్మా ఆ బొమ్మల్ని. యాడ ఏది ఉండాదో నాకు తెల్సు. పసుపు చీరవి రెండు కనిపించినాయి, కొత్తగా ఇంగొగటి పెట్టినారనుకుంటి. అది కదిలింది. గాలికి కదిలిందనుకుంటినమ్మా."

చెయ్యి లేవలేదు. ఆయన పక్కనే కూలబడ్డాను. టీ కొట్టాయన రెండు గ్లాసులు తెచ్చి పెడితే ఎవరం ముట్టుకోలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, రోడ్డు ఆఫీసువాళ్లు వచ్చి సందు ముందు తెల్ల పట్టీలు గీశారు. నెమ్మదిగా పొమ్మని ఒక బోర్డు పాతారు. బొమ్మలు తీసేయమన్నారు. ముందు కింద దారి తవ్వండి, తర్వాత తీస్తామని ఊరు ఎదురు తిరిగింది. కానీ ఆ బొమ్మలు అక్కడ ఉండడం నేనే భరించలేకపోయాను. పిల్లలను తీసుకుని పోయి, ఎవరినీ అడక్కుండా మొదటి బొమ్మ మీద చెయ్యి వేశాను. అది అక్క భర్తది. అక్క కోడలు ఇంట్లోంచి పరుగున వచ్చి దాన్ని కరచుకుంది. హోసూరులో ఫ్యాక్టరీ పని మానేసి, అత్త పోయినప్పటి నుంచి ఆవులను చూసుకుంటోంది ఆ అమ్మాయి.

"ఎందుకు తీస్తారు? మీ బొమ్మలా ఇవి? మా మామ ఈయప్ప."

"ఇవి లేకుంటే మీ అత్త బతికేది అమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి నన్ను కింద నుంచి పైకి చూసింది.

"రోడ్డేసింది నువ్వా?"

నేను బొమ్మ మీద నుంచి చెయ్యి తీశాను.

"కాదు కదా. అట్లయితే ఊరికే సుమ్మనుండు. తెలీనోళ్లు ఇంకా నిలుస్తారు ఈటిని సూసి. దినమూ దాటేది మేము."

తప్పు నాదని ఏడ్చి తేలిక పడడానికి కూడా ఆమె నాకు చోటు ఇవ్వలేదు. బెంగళూరులో మాత్రం అందరూ చోటు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. గ్యాలరీవాళ్లు ఫోన్ చేసి, ఆ వీడియో ఇంకోసారి ప్రదర్శిస్తామనీ, కింద సంతాపంగా రెండు మాటలు రాసివ్వమనీ అడిగారు. ఇప్పుడు దానికి ఇంకా లోతు వచ్చింది మేడమ్ అన్నాడు ఒకతను. ఆ లోతులో నువ్వే దూకు అని ఫోన్ పెట్టేశాను. వీడియో వెనక్కి తీసుకున్నాను. తరగతిలో ఒక అమ్మాయి లేచి, మా పని గెలిచినట్టా, ఓడినట్టా అని అడిగింది. అవగాహన వస్తుందక్కా అన్న అమ్మాయే. పాఠం చెప్పడం మొదలుపెట్టిన తర్వాత నేను తరగతిని మధ్యలో వదిలి బయటికి వచ్చేసింది ఆ ఒక్కరోజే.

ఆ తర్వాత ఆ ఊళ్లో ఒక కొత్త అలవాటు పుట్టింది. ఎవరూ నేర్పలేదు. సందు దగ్గర దాటడానికి నిలబడ్డవాళ్లు ఊరికే నిలబడరు. చెయ్యి పైకెత్తి ఆడిస్తూ ఉంటారు. తాను బొమ్మ కాదని, ప్రాణం ఉందని బండివాడికి తెలియాలి. గడ్డిమోపు ఎత్తుకున్నవాళ్లు ఒక చేత్తో మోపు పట్టుకుని, ఇంకో చేత్తో కొంగో తువ్వాలో విసురుతారు. ముసలివాళ్లు కర్ర ఆడిస్తారు. కార్లలో పోయేవాళ్లు తమను పలకరిస్తున్నారనుకుని కొందరు నవ్వి, తిరిగి చెయ్యి ఊపి పోతారు.

ఏడాది తిరిగింది. పెద్దల అమావాస్య ముందు కోడలు ఫోన్ చేసింది. అత్త బొమ్మ చేయాలి, రమ్మంది. రానని చెప్పాలనుకుని కూడా పోయాను. ఈసారి పిల్లలను తీసుకుపోలేదు. ఇద్దరమే ఆమె వాకిట్లో కూర్చుని వెదురు కట్టాం, గడ్డి కూరాం. నీలం రంగు చీర తెచ్చింది. పసుపు ఇంక ఆ ఇంట్లో కట్టరు. బొమ్మ తయారయ్యాక, మామ పక్కన నిలబెడదామా అని అడిగాను.

"వద్దు. ఆ పక్కకి ఎత్తుకొని పోవల్ల."

"ఆ పక్కనా?"

"మా అత్త ఈడ నిలబడింది చాలు. ఒగసారి దాటేయల్ల కదా ఆయమ్మ."

అప్పుడు గుర్తుకు వచ్చింది, ఇన్నేళ్లలో నేను ఆ రోడ్డును ఒక్కసారి కూడా నడిచి దాటలేదు. చేలోకి పోవాలంటే కారులో ముందుకు పోయి, వంతెన దగ్గర మళ్లించుకుని వచ్చేదాన్ని. అక్కను భుజాన వేసుకున్నాను. గడ్డి మనిషి కదా, బరువే లేదు. రోడ్డంచున నిలబడితే కాళ్ల కింద నేల అదురుతోంది. లారీ గాలికి ఒళ్లు వెనక్కి తూలుతోంది. నా చేతులు ఖాళీ లేవని కోడలు చున్నీ తీసి విసిరింది. ఒక లారీ పోయింది, రెండు బస్సులు పోయాయి. ఎవరో ఒకాయన నెమ్మదించాడు. సందు దాకా పరుగెత్తి, గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుని, మిగతా సగం కూడా దాటాం.

కొట్టం దారి మొదట్లో అక్కను పాతాం. నేను అలవాటుగా రోడ్డు వైపు ముఖం పెట్టబోతే కోడలు ఆపింది. బొమ్మను భుజాలు పట్టుకుని తిప్పి, చేను వైపు నిలబెట్టింది. కొంగు తల మీద నుంచి తీసి నడుముకు దోపింది, పని చేసుకునేవాళ్లు దోపుకున్నట్టు. కొట్టంలో ఆవు అరిచింది. పొద్దు వాలుతోంది, ఆ అమ్మాయి పోయి పాలు పిండుకుని వచ్చింది.

తిరిగి ఇటువైపు రావడానికి రోడ్డంచున నిలబడ్డాం. నేను బండ్లను చూస్తూ మామూలుగా నిలబడి ఉంటే కోడలు మోచేత్తో పొడిచింది.

"చెయ్యి ఆడించు టీచరమ్మా. ఊరికే నిలబడొద్దు."

చెయ్యి ఎత్తి ఆడించాను. పక్కన ఆ అమ్మాయి ఒక చేత్తో నిండు క్యాను పట్టుకుని, ఇంకో చెయ్యి ఆడిస్తోంది. అవతలి అంచున మామ, అక్క తోడికోడలు, మిగతావాళ్లు కొత్త బట్టల్లో మా వైపే చూస్తూ నిలబడ్డారు. ఒక వ్యాను హారన్ కొట్టి ఆగకుండా పోయింది. చెయ్యి నొప్పి పుట్టినా దించలేదు. మా వెనక అక్క చేను వైపు చూస్తూ నిలబడి ఉంది. ఆమెకింక చెయ్యి ఆడించే పని లేదు.